ముందు ఎదగనిచ్చి, తర్వాత పని చెప్పాలి

కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల డోలమైటు రాళ్లను దగ్గరగా చూస్తే, కొన్నిచోట్ల సన్నని పొరలు గుమ్మటాల్లా వంగి ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. దాని అడుగున చాపలా పరుచుకున్న సూక్ష్మజీవులు, ముఖ్యంగా సైనోబాక్టీరియా, ఒండ్రునూ సున్నాన్నీ పొరలు పొరలుగా పట్టి ఉంచగా మిగిలిన గుర్తులివి. పిల్లలను గండికోటకు తీసుకెళ్లినట్టే ఈ రాళ్ల దగ్గరికీ తీసుకెళ్లాలని నా కోరిక.

ఆ జీవుల వారసులు మన చెరువుల్లో, వరిమడుల్లో ఇప్పటికీ ఉన్నాయి. నీలి ఆకుపచ్చ నాచు అంటాం. ఎండ, నీళ్లు, కార్బన్ డయాక్సైడ్, కొద్దిపాటి లవణాలు దొరికితే చాలు, పెరుగుతాయి. అందుకే వీటిలో కొత్త జన్యువులు పెట్టి మనకు కావలసిన సరుకులు చేయించాలని శాస్త్రవేత్తలు చూస్తున్నారు. 1996లో జపాన్‌లోని కజుసా డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సినెకోసిస్టిస్ 6803 అనే సైనోబాక్టీరియా రకం జన్యుక్రమాన్ని పూర్తిగా చదివింది. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవుల్లో అలా చదివిన మొదటిది ఇదే. 1999లో కెనడా శాస్త్రవేత్తలు వేరే బాక్టీరియా నుంచి రెండు జన్యువులు తెచ్చి మరో సైనోబాక్టీరియాలో పెట్టారు. వెలుతురులో అది ఇథనాల్ తయారుచేసింది.

జన్యువు పెట్టడంతో పని అయిపోతుందనుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. కణం తాను పట్టిన కార్బన్‌తో తన ఒళ్లు కట్టుకోవాలి, రెండుగా చీలాలి. అందులో కొంత మనం లాక్కుంటే దాని ఎదుగుదల తగ్గుతుంది. ఎప్పుడో ఒక కణంలో మనం పెట్టిన జన్యువు పొరపాటున చెడిపోతుంది. దాని మీద పని భారం తగ్గుతుంది, మిగతావాటికంటే త్వరగా పెరుగుతుంది. కొన్ని తరాలు గడిచేసరికి పాత్ర నిండా పచ్చగానే ఉంటుంది, సరుకు మాత్రం రాదు. ఇథిలీన్ వాయువు చేయించబోయిన జపాన్ పరిశోధకులకు ఇదే ఎదురైంది. జన్యువులో కొన్నిచోట్ల కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు అదనంగా వచ్చి చేరి, అది పనికిరాకుండా పోయింది. 2012లో అమెరికా పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలవాళ్లు అలా చెడిపోయే చోట్లను మార్చి రాసి, 6803లో ఇథిలీన్ ఆగకుండా వచ్చేలా చేశారు.

దీనికి ఇంకో దారి, జన్యువుకు స్విచ్చు పెట్టడం. వేరుశనగ ముందు కొమ్మలు వేసి, పూత వచ్చాకే ఊడలు దింపుతుంది. కణాలను కూడా ముందు ఎదగనిచ్చి, మంద నిండాక పని చెప్పాలి. ఈ స్విచ్చును ప్రమోటర్ అంటారు, జన్యువుకు ముందుండే డీఎన్‌ఏ ముక్క అది. రాగి తగిలితే తెరుచుకునేది ఒకటి, నికెల్ తగిలితే తెరుచుకునేది ఇంకొకటి సైనోబాక్టీరియాలో సహజంగానే ఉన్నాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఇ.కోలై అనే బాక్టీరియాలో బాగా పనిచేసిన స్విచ్చులు ఇక్కడ కుదురుగా ఉండవు. ఒకటి మూసి ఉంచినా కారుతుంది. ఇంకొకదాన్ని తెరిచే మందు వెలుతురుకు విరిగిపోతుంది. వెలుతురు లేకుండా ఈ జీవి బతకదు కదా! నాకు బాగా నచ్చింది 6803లోనే ఉన్న మరో ఏర్పాటు. పచ్చని వెలుగు పడితే తెరుచుకుంటుంది, ఎర్రని వెలుగులో మూసుకుంటుంది. ఏ మందూ కలపాల్సిన పని లేదు.

ఇంకో చిక్కుంది. 6803 కణంలో క్రోమోజోమ్ ప్రతులు చాలా ఉంటాయి. కొత్త జన్యువు ఒక ప్రతిలో చేరితే సరిపోదు, అన్నింటిలోకీ పాకాలి. అందుకే కొత్త జన్యువుతో పాటు యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువునూ జతచేసి, ఆ మందు మోతాదు కొంచెం కొంచెంగా ఎక్కువ చేస్తూ కణాలను మళ్లీ మళ్లీ సాగు చేస్తారు. దీనికి ఓపిక కావాలి.

మన సీమలో ఎండకు కరువు లేదు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పొగలో కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉంది, కాకపోతే ఆ పొగను చల్లార్చి శుభ్రం చేయాలి. వేడి సంగతే పెద్ద టెన్షన్. 6803 సుమారు 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది. మే నెల ఎండలో మూసిన గొట్టాల్లో దాన్ని కాపాడాలంటే నీళ్లతో చల్లబరచాలి, ఆ నీళ్లకే ఇక్కడ కటకట. 2015లో సినెకోకాకస్ 2973 అనే రకాన్ని వివరించారు. వెలుతురు, కార్బన్ డయాక్సైడ్ బాగా అందితే 41 డిగ్రీల దగ్గర అది 2 గంటల లోపే రెట్టింపవుతుంది. కానీ ఒక రకంలో నమ్మకంగా పనిచేసిన స్విచ్చు ఇంకో రకంలో అలాగే పనిచేస్తుందని లేదు. వేడికి ఓర్చే రకాల్లో ఒక్కో స్విచ్చునూ కొత్తగా పరీక్షించి చూడాలి. యోగి వేమన, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఆ పని మన చెరువుల నాచుతోనే మొదలుపెడితే నాకు చాలా సంతోషం.