పాత కెమెరాకు పిట్ట చిక్కాలంటే

ఆరు మెగాపిక్సెళ్ల కెమెరా ఇప్పుడు ఎవరికీ ఆనదు. అలాంటిది మీ అలమరలో ఉంటే బయటికి తీయండి. తోటలో వాలే పిట్టల్ని ఫొటో తీయడానికి అది చాలు. ఆరు మెగాపిక్సెళ్లంటే అడ్డంగా సుమారు 3000, నిలువుగా 2000 చుక్కలు (పిక్సెళ్లు). పది అంగుళాల వెడల్పున చక్కటి ప్రింటు వస్తుంది. దానికి కావలసిందల్లా పిట్ట దగ్గరగా ఉండటం, వెలుతురు బాగా పడటం.

ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న పిట్ట నాలుగు మీటర్లకు వస్తే ఫొటోలో దాని పొడవూ వెడల్పూ రెండింతలవుతాయి. అంటే దానికి దక్కే పిక్సెళ్లు నాలుగింతలు. అదే లెన్సుతో, ఎనిమిది మీటర్ల నుంచే అన్ని పిక్సెళ్లు కావాలంటే 24 మెగాపిక్సెళ్ల కెమెరా కొనుక్కోవాలి! దానికి బదులు వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టి, పక్కన ఎండుకొమ్మ గుచ్చి, నాలుగు మీటర్ల దూరంలో కదలకుండా కూర్చోవచ్చు. చాలా పిట్టలు నేరుగా నీళ్ల దగ్గర దిగవు. ముందు కొమ్మ మీద వాలి, చుట్టూ చూసుకుని అప్పుడు దిగుతాయి. గూటి జోలికి మాత్రం ఎంత మంచి ఫొటో కోసమైనా వెళ్లకండి.

ఆ కొమ్మతో ఇంకో లాభం ఉంది. పాత కాంపాక్ట్ కెమెరా లెన్సును ముందుకీ వెనక్కీ జరుపుతూ, అంచులు ఎక్కడ తేటగా కనిపిస్తే అక్కడ ఫోకస్ నిలుపుతుంది. ఈలోపు పిట్ట ఎగిరిపోతుంది. కొమ్మ మీద ముందే ఫోకస్ చేసి బటన్ సగం నొక్కి ఉంచితే ఈ ఆలస్యం తప్పుతుంది.

నీడలో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది కదా, దాన్నే నాయిస్ అంటారు. చాలామంది ఆ తప్పంతా కెమెరా మీదికే తోస్తారు. నిజానికి అందులో కొంత వెలుతురు స్వభావమే. వెలుతురు ఫోటాన్లనే చిన్న చిన్న రేణువులుగా వస్తుంది, వాటి రాక నిలకడగా ఉండదు. సగటున 100 ఫోటాన్లు పడేచోట ఒకసారి 90, ఒకసారి 110 పడుతుంటాయి. ఈ తేడా సుమారుగా సగటుకు వర్గమూలమంత. 100కి 10 అంటే పది శాతం. 10,000కి 100 అంటే ఒక్క శాతమే. పాత సెన్సరు (కెమెరాలో వెలుతురును పట్టే చిప్పు) సర్క్యూట్లు తమ వంతు నాయిస్ కొంత కలుపుతాయి కాబట్టి వాటికి ఎండ మరీ అవసరం. కెమెరాలో సెన్సరు సంకేతాన్ని పెంచి చూపే ఐఎస్ఓ సెట్టింగును పెంచితే ఫొటో ప్రకాశవంతమవుతుంది గానీ, ఒక్క ఫోటాను కూడా అదనంగా రాదు.

నడిచే పావురం తల అదేపనిగా ఊగుతున్నట్టు అనిపిస్తుంది. అసలు అది తలను ఒక్కసారిగా ముందుకు చాచి, ఒళ్లు దాన్ని అందుకునేదాకా గాలిలో కదలకుండా నిలుపుతుంది. చుట్టూ ఉన్నది కంటికి స్థిరంగా ఆనడానికే ఈ ఏర్పాటు. 1978లో బారీ ఫ్రాస్ట్ అనే శాస్త్రవేత్త పావురాల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూశాడు. చుట్టుపక్కల దృశ్యం కదలకపోయేసరికి తల ఊపడం ఆగిపోయింది! ఇది తెలిశాక నాకు పావురాన్ని చూడటమే మారిపోయింది. వరసగా నాలుగైదు ఫొటోలు తీస్తే, ఆ నిలకడ క్షణం ఏదో ఒకదానిలో పడి కన్ను స్పష్టంగా వస్తుంది.

పావురం మెడ మీది ఆకుపచ్చ, ఊదా మెరుపులు రంగు పదార్థం వల్ల వచ్చినవి కావు. ఈక పైపొర చాలా పల్చన. దాని రెండు వైపుల నుంచీ తిరిగొచ్చే కాంతి ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగుల్ని బలపరుస్తుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. కోణం మారితే రంగూ మారుతుంది. అందుకే ఎండ మీ వీపు వెనక ఉండేలా కూర్చుని, పావురం మెడ తిప్పుతున్నప్పుడు బటన్ నొక్కుతూనే ఉండండి.