నాసి ఖనిజం నుంచి రాగి: 1947 దాకా కనిపించని పనివాళ్లు

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన నీళ్లలో ఇనుప మేకు వేసి చూడండి. కాసేపటికి మేకుకు ఎర్రటి పూత పడుతుంది, నీళ్ల నీలం మెల్లగా వెలిసిపోతుంది. బడిలో చాలామంది చేసిన ప్రయోగమే. ఆ పూత రాగి. చైనాలో సాంగ్ రాజుల కాలంలో, 11వ శతాబ్దంలో, దీన్నే పరిశ్రమగా నడిపారు. గనుల దగ్గర ఊరే నీలి నీళ్లలో ఇనుము నానబెట్టి, పట్టిన రాగిని గీకి నాణేలకు వాడుకునేవాళ్లు.

స్పెయిన్‌లోని రియో టింటో గనుల్లోనూ 18వ శతాబ్దం నాటికే ఖనిజాన్ని గుట్టలు పోసి, తడిపి, కారిన నీళ్లలోంచి రాగి తీసేవాళ్లు. అక్కడి నది ఎర్రగా, దాదాపు నిమ్మరసమంత పుల్లగా ఉంటుంది. రాయిలోని రాగి నీళ్లలోకి ఎలా దిగుతోందంటే, గాలీ నీరూ చేసే పనే అనుకున్నారు.

అసలు పనివాళ్లు 1947లో దొరికారు, అదీ వేరే దేనికోసమో వెతుకుతుంటే. అమెరికాలో బొగ్గు గనుల నుంచి కారే పుల్లనీళ్లు వాగుల్ని పాడుచేస్తుంటే, కారణం వెతికిన కోల్మర్, హింకిల్‌లకు అందులో బ్యాక్టీరియా కనిపించింది. వీటికి ఇనుమే తిండి. నీళ్లలో కరిగిన ఇనుముకు ఫెర్రస్, ఫెర్రిక్ అని రెండు రూపాలు. ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్‌గా మార్చి శక్తి సంపాదించుకుంటాయి. ఆ ఫెర్రిక్ ఇనుము గంధకంతో బిగిసిన రాయిని కరిగించి, తను మళ్లీ ఫెర్రస్ అవుతుంది. బ్యాక్టీరియాకు మళ్లీ తిండి రెడీ. జీతం లేదు, షిఫ్టు లేదు!

1958లో అమెరికాలోని కెన్నెకాట్ కంపెనీ ఇలా బ్యాక్టీరియాతో ఖనిజం నుంచి లోహం తీసే పద్ధతికి పేటెంట్ తీసుకుంది. అయితే నా లెక్కలో పెద్ద మలుపు 1968. అరిజోనాలోని బ్లూబర్డ్ గనిలో గుట్ట నుంచి కారిన ద్రావణంలోని రాగిని ఒక రసాయనంతో వేరుచేసి, కరెంటు పెట్టి నేరుగా శుద్ధమైన పలకలుగా తీశారు. తుక్కు ఇనుముతో పని తప్పింది. టన్నుకు ఐదు కిలోల రాగి కూడా లేని రాయిని కొలిమికెక్కిస్తే ఖర్చులే రావు, గుట్ట పోస్తే గిట్టుబాటయ్యే వీలుంది. 1986లో దక్షిణాఫ్రికాలోని ఫెయిర్‌వ్యూ గనిలో బంగారానికీ బ్యాక్టీరియాను దించారు. అక్కడ అవి బంగారాన్ని కరిగించవు, దాన్ని మూసి ఉంచిన రాయిని విప్పుతాయి. బంగారాన్ని కరిగించే పని సైనైడ్‌ది.

మరి ఇన్నేళ్లయినా కొలిములు ఎందుకు ఆరలేదు? ప్రపంచంలోని రాగిలో ఎక్కువ భాగం చాల్కోపైరైట్‌ అనే, రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజంలో ఉంది. అది కాస్త కరగగానే పైన పొర కట్టుకుని మొండికేస్తుంది. పైగా గుట్ట పనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రాయి స్వభావమూ చూడాలి, ఈ బ్యాక్టీరియా పని పుల్లటి నీళ్లలోనే సాగుతుంది. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం శాతం చాలా తక్కువ, అది ఉన్నదేమో సున్నపురాయి లాంటి కార్బొనేట్ రాయిలో. ఆమ్లం పోస్తే అంతా రాయే తాగేస్తుంది. అందుకే అక్కడ వేడి, ఒత్తిడి పెట్టి సోడియం కార్బొనేట్ లాంటి క్షారాలతో తీస్తున్నారు.

ఇప్పుడు గుట్ట పోసేముందు కింద ప్లాస్టిక్ పట్టా పరుస్తున్నారు. పాత గుట్టల కింద అదీ లేదు. గని మూసేసినా బ్యాక్టీరియా పని ఆపవు, ఆ పుల్లనీళ్లు వాగుల్లోకే పోతాయి.