పండుగ పూట, సముద్రం ఒడ్డున ఒక హత్య: అపోహలు - వాస్తవాలు

బెజవాడలో ఉంటూ చాలా ఏళ్లుగా ఇలాంటి కథలే రాస్తున్నాను. పండుగ రోజులు, సముద్రపు ఒడ్డున చిన్న ఊరు, అందులో ఒక హత్య. నెత్తురు పెద్దగా కనబడదు. ఊళ్లోని ఏ రిటైర్డ్ టీచరో, బట్టలు కుట్టే ఆవిడో చిక్కుముడి విప్పుతుంది. వీటిని కోజీ మిస్టరీ అంటారు. కొత్తగా రాసేవాళ్లు చదివి చెప్పమని ఇచ్చే ప్రతుల్లో మళ్లీ మళ్లీ అవే పొరపాట్లు కనబడుతున్నాయి.

అపోహ: కథలో పండుగ ఉండేది వాతావరణం కోసమే, ఏ పండుగైనా ఒకటే.

పండుగ మారితే హత్య జరిగే తీరే మారిపోతుంది. దీపావళి ఎప్పుడూ అమావాస్యే. కార్తీక పౌర్ణమికి రాత్రంతా వెన్నెలే. సంక్రాంతి, క్రిస్మస్ అలా కాదు, ఏడాదికో తిథిన వస్తాయి. పంచాంగం తీసి చూసుకోవాల్సిందే.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున సూర్యలంకలో స్నానాలకొచ్చిన జనంలోంచి హంతకుడు చీకట్లో జారుకున్నాడని ఒక కథలో రాశాను. బాపట్ల నుంచి ఒక పాఠకురాలు ఫోన్ చేసి, "ఆ వేళ ఇసకలో జారిన కాలిపట్టీ కూడా కనబడుతుంది మేడమ్" అన్నారు. అదే కథలో నీళ్ల అంచున రాత్రి వదిలిన శవం తెల్లారాక అక్కడే ఉంది. అదీ తప్పే. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు మామూలుకన్నా పైకి వస్తుంది. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలే గనుక, అంత పొడుగు రాత్రిలో ఒక్కసారైనా సముద్రం ఆ ఇసకను తడిమి వెళ్తుంది. ఆ కథ మొత్తం తిరగరాశాను.

అపోహ: ఊరు దాటి ఎవరూ పోకుండా ఉండాలంటే తుఫాను పెట్టాలి.

మన తీరానికి తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ మే ప్రాంతంలో వస్తాయి. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. దీపావళి కథకో, కార్తీకమాసం కథకో తుఫాను నప్పుతుంది. సంక్రాంతికి తెస్తే మచిలీపట్నంలో చదివేవాళ్లు నమ్మరు.

అసలు సంక్రాంతికి తుఫాను అవసరమేముంది? కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అల్లుళ్లు, ఆడపడుచులు, హైదరాబాదు నుంచి దిగిన పిల్లలు అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. కనుమ పొద్దున్నే సంచి సర్దుకున్నవాణ్ణి ఇంటిల్లిపాదీ నిలదీస్తారు. అంతకంటే గట్టి గొళ్లెం ఏ తుఫానూ వేయలేదు.

అపోహ: చేపలవేట ఊళ్లో పడవలు ఎప్పుడూ వేటకు పోతూనే ఉంటాయి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మన తీరంలో మర పడవలకు వేట నిషేధం. మే నెల కథలో నిజాంపట్నం నుంచి మర పడవ వేటకు బయల్దేరిందంటే, ఆ పడవ మీదే అనుమానం రావాలి.

అపోహ: ఆధారం అంటే వేలిముద్రలు, డీఎన్‌ఏ.

నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఇంటి ముందే దొరికే ఆధారాలు. ధనుర్మాసంలో వాకిలి చూడండి. రాత్రి పడుకోబోయే ముందు పెట్టిన ముగ్గు మంచుకు తడిసి, తెల్లారేసరికి రంగులు నేలకు అంటుకుని ఉంటాయి. తెల్లవారుజామున పెట్టింది వేలితో తాకితే పొడిపొడిగా లేస్తుంది. బియ్యప్పిండి ముగ్గైతే చీమలు పడతాయి, రాతిముగ్గుకు పట్టవు. రాత్రంతా నిలిపిన బండిని తీస్తే కింద నేల పొడిగా ఉంటుంది. "నాలుగింటికి లేచి ముగ్గేశాను" అన్న మనిషి మాట నిజమో కాదో చెప్పడానికి ఇవి చాలు. ఇక భోగిమంటలో పాత పెట్టెను వేస్తే చెక్క బూడిదవుతుంది. దాని మడతబందులు, తాళం మాత్రం బూడిదలో మిగిలే ఉంటాయి.

అపోహ: పోలీసు తెలివితక్కువవాడైతేనే చిక్కుముడి విప్పే మన మనిషి తెలివి కనబడుతుంది.

ఎస్సైకి శవ పంచనామా చేయడం వచ్చు. మునిగిన మనిషి సాధారణంగా వెంటనే తేలడని, లోపల వాయువులు పుట్టాకే పైకి వస్తాడని తెలుసు. ఆయనకు తెలియనిది ఎవరింట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారన్నది. మన మనిషి బలం అక్కడుంది. సెక్షన్లు కూడా సరిచూసుకోండి. 2024 సంక్రాంతి కథలో పంచనామా పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) 174 కింద, హత్య కేసు పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 302 కింద. ఆ ఏడాది జులై 1న కొత్త చట్టాలు వచ్చాయి కాబట్టి 2025 సంక్రాంతికి అవే 194, 103.

అపోహ: ఇవి కాలక్షేపం కథలు, పోయినవాళ్ల గురించి ఏడవక్కర్లేదు.

దీన్ని మాత్రం నేను ఒప్పుకోను. భోగి నాడు ఒకరు పోతే జ్ఞాతులందరికీ మైల, ఆ ఇళ్లన్నిటికీ పండుగ లేదు. ఎవరు మైల పట్టారో, ఎవరు పట్టలేదో చూస్తే పాత తగాదాలన్నీ బయటపడతాయి. కానీ నేను ముందు రాసుకునేది వంటింటి సంగతి. పోయినావిడ ముందురోజే పాకం పట్టి చేసిన అరిసెలు డబ్బా నిండా ఉంటాయి, పదకొండో రోజు దాటినా ఆ మూత తీయడానికి ఎవరికీ చేతులు రావు.