ఓడినవాడి చేత మళ్ళీ రూపాయి వేయించే ఆట

నెల్లూరులో నలభై దాటిన మగవాళ్ళని 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' తెలుసా అని అడిగితే చాలామంది బుర్ర గోక్కుంటారు. 'ముస్తఫా గేమ్' అనండి, అప్పుడు చూడండి. పసుపు టోపీ, పరిగెత్తుకుంటూ వచ్చి ఎగిరి తన్నే తన్ను, రెండో స్టేజీ చివర కత్తులతో మీదికొచ్చే బుచర్, మూడో స్టేజీలో కారెక్కి బైకులవాళ్ళని గుద్దుకుంటూ పోవడం, అన్నీ వరసబెట్టి చెప్పేస్తారు. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో తెచ్చిన ఈ ఆటకి మూలం మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన కామిక్స్. అందులో అసలు హీరో జాక్ టెన్రెక్. మన పిలకాయలు ఆయన్ని పక్కన కూర్చోబెట్టి, నలుగురిలో వేగం ఎక్కువున్న ముస్తఫా కైరోకి పట్టం కట్టారు. ఈ ఆట అప్పట్లో ఏ ఇంటి కన్సోల్‌కీ రాలేదు. ఆడాలంటే వీడియో గేమ్ షాపుకే పోవాలి.

అదే రోజుల్లో, అవే షాపుల్లో ఇంకా ఎన్నో ఆటలు ఉండేవి. కొన్ని దీనికన్నా అందమైనవి కూడా. వాటి పేర్లు ఎవరికీ గుర్తులేవు. చిన్ననాటి జ్ఞాపకం కదా, అందుకే తీపి అనేస్తారు చాలామంది. అందులో కొంత నిజం ఉంది. పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జరిగినవి మనిషికి మిగతా జీవితం కన్నా ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాసార్లు చూశారు. కానీ ఆ వయసులో ఆడిన ఆటలన్నీ గుర్తుండటం లేదే! కాబట్టి తీపి గుర్తులతో సగం సంగతే తేలుతుంది. మిగతా సగం ఆట లోపల వెతకాలి.

నా లెక్క ఇది. ఓడినప్పుడు 'మిషన్ మోసం చేసింది' అనిపించే ఆట త్వరగా చచ్చిపోతుంది. 'ఛ, నేనే తొందరపడ్డా' అనిపించేది బతుకుతుంది. ఆ పైన, ఆ తొందరపాటు ఏమిటో వెనకాల నిలబడ్డవాళ్ళు గంటలకొద్దీ వాదించుకోవడానికి ఆటలో సరుకు ఉండాలి. ఈ రెండూ కుదిరిన ఆటలే, ఏళ్ళు గడిచినా అభిమానులు వదలని కల్ట్ క్లాసిక్‌లు అవుతాయి. బొమ్మలు, సంగీతం, కథ తర్వాతి సంగతి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఆర్కేడ్ ఆట, అంటే షాపులో నాణెం వేసి ఆడే ఆట, తయారుచేసేవాడికి ఇద్దరు యజమానులు. షాపువాడికి రెండు మూడు నిమిషాల్లో ఆట ముగిసి ఇంకో నాణెం పడాలి. ఆడేవాడికి పెట్టిన రూపాయి గిట్టుబాటు కావాలి. మరీ తేలికైతే షాపువాడు మునుగుతాడు, మరీ కష్టమైతే పిల్లలు పక్క మిషన్‌కి పోతారు. ఈ ఇరుకు సందులోంచే గొప్ప ఆటలన్నీ పుట్టాయి. తమాషా ఏంటంటే, వాటిలో కొన్ని గొప్ప సంగతులు ఎవరూ అనుకుని పెట్టినవి కావు.

1978లో టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' తెచ్చింది. తయారుచేసింది తొమోహిరో నిషికాడో. లోపల ఉన్నది ఇంటెల్ 8080 ప్రాసెసర్, వేగం 2 మెగాహెర్ట్జ్. మీ జేబులో ఉన్న ఫోన్ ప్రాసెసర్ గడియారం దానికన్నా వెయ్యి రెట్లు వేగంగా కొట్టుకుంటుంది. తెర మీద వరుసకి 11 చొప్పున ఐదు వరుసలు, మొత్తం 55 గ్రహాంతర జీవులు. అన్నిటినీ ఒకేసారి కదిపే ఓపిక ఆ చిప్‌కి లేదు. అందుకని తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, అంటే సెకనులో అరవయ్యో వంతుకి ఒకసారి, ఒక్కో జీవినే జరుపుతూ పోయేది. 55 ఉన్నప్పుడు గుంపు మొత్తం ఒక అడుగు వేయడానికి దాదాపు సెకను పట్టేది. సగం చస్తే అర సెకను. చివరికి ఒక్కటే మిగిలితే? దానికి వంతు ఆగాల్సిన పనే లేదు, సెకనుకి అరవై అడుగులు వేస్తూ అటూ ఇటూ ఉరికేది.

ఇది చిప్ చేతకానితనం. నిషికాడో దాన్ని చూశాడు, బాగుందనుకున్నాడు, అలాగే వదిలేశాడు. గుంపు అడుగులతో పాటే నాలుగు స్వరాల బరువైన శబ్దం కూడా వేగం పుంజుకుంటుంది. గెలుస్తున్నకొద్దీ కష్టం పెరుగుతుంది, టెన్షన్ పెరుగుతుంది, ఆ పెంచేది కూడా మనమే. చివరి జీవిని కొట్టలేకపోతే ఎవర్ని తిడతాం?

1980లో నామ్కో నుంచి వచ్చిన 'ప్యాక్‌మ్యాన్'లో ఈ గుణం ఇంకో రూపంలో ఉంది. ఇరుకు సందుల్లో చుక్కలు తింటూ, వెంటపడే దయ్యాలకి దొరక్కుండా తిరగడమే ఆట. తోరు ఇవతాని బృందం నాలుగు దయ్యాలకి నాలుగు బుద్ధులు ఇచ్చింది. ఎర్రది, బ్లింకీ, నేరుగా మీరున్న గడికే గురిపెట్టి వెంటపడుతుంది. గులాబీ రంగు పింకీ మీకు నాలుగు గడుల ముందుకి గురిపెట్టి దారికాస్తుంది. నీలి రంగు ఇంకీ లెక్కలో మెలిక ఉంది: మీకు రెండు గడుల ముందున్న చోటు తీసుకుని, బ్లింకీ నుంచి అక్కడికి ఒక గీత గీసి, ఆ గీతని ఇంకా అంతే పొడవు లాగితే ఎక్కడ తేలుతుందో అక్కడికి పోతుంది. అంటే బ్లింకీ ఎక్కడుందో తెలియకుండా ఇంకీ ఎటు వస్తుందో చెప్పలేం. ఇక నారింజ రంగు క్లైడ్ మన వీధికుక్క బాపతు. దూరాన్నుంచి ఎగబడి వస్తుంది, ఎనిమిది గడుల దగ్గరికొచ్చాక తోక ముడిచి తన మూలకి పారిపోతుంది.

కొత్తగా ఆడేవాడికి ఇవేవీ తెలియవు. నాలుగూ కలిసి కుట్ర పన్నినట్టు అనిపిస్తుంది. నెల రోజులు ఆడినవాడికి మాత్రం ఏదో పద్ధతి ఉందని చేతికి అర్థమవుతుంది, నోటితో చెప్పలేకపోయినా. ఒక లెక్క తప్పు కూడా ఉంది ఇందులో. మీరు పైకి చూస్తున్నప్పుడు పింకీ గురి నాలుగు గడులు పైకి మాత్రమే కాక, నాలుగు గడులు ఎడమకి కూడా జరిగిపోతుంది. ప్రోగ్రామ్‌లో రెండు అంకెలు ఒకదాని మీదికి ఒకటి పొర్లిన ఫలితం. అలవాటుపడ్డ ఆటగాళ్ళు ఆ తప్పుని వాడుకుని పింకీని ఏమార్చడం నేర్చుకున్నారు.

దయ్యాలు నీలంగా మారి పారిపోయేటప్పుడు తప్ప ఈ ఆటలో అదృష్టం పాలు లేదు. ఆ అదృష్టం కూడా ప్రతి స్టేజీకి ఒకే అంకె దగ్గర మొదలవుతుంది. కాబట్టి ఒకే దారిలో, ఒకే సమయానికి మలుపులు తిరిగితే దయ్యాలు కూడా ప్రతిసారీ అచ్చం అలాగే నడుస్తాయి. జనం ఆ దారులు కంఠతా పట్టి ఒక్క నాణెంతో గంటలు ఆడేశారు. షాపులవాళ్ళు లబోదిబోమన్నారు. 1982 నాటి 'మిస్ ప్యాక్‌మ్యాన్'లో దయ్యాల నడకలో యాదృచ్ఛికత కలపడం అందుకే. ఇక ఎంత గొప్ప ఆటగాడైనా 256వ స్టేజీ దగ్గర ఆగాల్సిందే. ఎనిమిది బిట్ల చోటులో 0 నుంచి 255 దాకానే పడతాయి. ఆ పైన లెక్క మళ్ళీ సున్నాకి పోయి, తెర కుడి సగం అక్షరాలు, అంకెల కలగాపులగం అయిపోతుంది. అదేం లోపమో అని ఎవరూ చీదరించుకోలేదు. అక్కడిదాకా పోవడమే గొప్ప అయింది.

ఇదంతా మెదడులో ఏం చేస్తుంది? 1990లలో వుల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. కోతికి అనుకోకుండా పళ్ళరసం చుక్క దొరికితే మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు గట్టిగా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి తెలిశాక, స్పందన రసం దగ్గర ఆగిపోయి దీపం దగ్గరికి మారింది. దీపం వెలిగి రసం రాకపోతే ఆ కణాలు మామూలు కన్నా కిందికి పడిపోయాయి. అంటే మెదడు లెక్కపెట్టేది బహుమతిని కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ తేడాని. పూర్తిగా తెలిసిన ఆటలో తేడా ఉండదు, విసుగొస్తుంది. ఏమాత్రం ఊహకి అందని ఆటలో నేర్చుకునేది ఉండదు, చిరాకొస్తుంది. ప్యాక్‌మ్యాన్ దయ్యాలు సరిగ్గా మధ్యలో ఉంటాయి. 1998లో 'నేచర్' పత్రికలో వచ్చిన లండన్ పరిశోధన ఒకటి, వీడియో గేమ్ ఆడుతుండగా మెదడులో డోపమైన్ విడుదల కావడాన్ని స్కానింగ్‌లో పట్టుకుంది. అది ఎనిమిది మందితో చేసిన ప్రయోగం కాబట్టి దాని మీద మేడలు కట్టక్కర్లేదు.

నాకు ఇంతకన్నా నచ్చింది కేంబ్రిడ్జ్‌లో ల్యూక్ క్లార్క్ బృందం 2009లో ప్రచురించిన పని. జూదం మిషన్‌లో కొద్దిలో తప్పిన ఓటమి మనిషికి బాధ కలిగిస్తుంది, కానీ మళ్ళీ ఆడాలన్న కోరికని పెంచుతుంది. అయితే ఆ కోరిక పెరిగింది పందెం కాసే బొమ్మని ఆటగాడు తనే ఎంచుకున్నప్పుడు మాత్రమే. మిషన్ ఎంచి పెట్టినప్పుడు పెరగలేదు. 'నా చేతిలోనే ఉంది, కొంచెంలో పోయింది' అనే ఆ భావన జూదంలో ఉత్త భ్రమ. ముస్తఫాలో అది నిజం. బుచర్ కత్తి తగిలింది నేను ఆలస్యంగా దూకడం వల్లే. ఆర్కేడ్ ఆటల్ని జూదంతో ఒకే గాటన కట్టేవాళ్ళతో నాకు పేచీ ఇక్కడే.

ఇక వెనకాల నిలబడే జనం. 1982లో జేమ్స్ మైకేల్స్ బృందం బిలియర్డ్స్ ఆడే చోటుకి పోయి, ఆడేవాళ్ళ పక్కన నలుగుర్ని నిలబెట్టి చూసింది. బాగా ఆడేవాళ్ళ గురి నూటికి 71 నుంచి 80కి పెరిగింది. అంతంతమాత్రం వాళ్ళది 36 నుంచి 25కి పడిపోయింది. గేమ్ షాపులో నిలబడ్డ ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. చేయి తిరిగినవాడి చుట్టూ గుంపు చేరితే వాడు రెచ్చిపోయి ఆడతాడు. కొత్త పిలకాయ ఒకడు జాయ్‌స్టిక్ పట్టుకుంటే వెనకనుంచి "ఒరేయ్, ఆడ నిలబడబాక, దూకి తన్ను" అని నలుగురు నాలుగు రకాలుగా అరుస్తారు, వాడు అప్పుడే చస్తాడు. చచ్చి పక్కకి తప్పుకుని, తర్వాతివాడికి వాడే సలహాలు మొదలుపెడతాడు. పాఠాలన్నీ అక్కడే.

చెప్పుకోవడానికి సరుకు అంటే ఏమిటో 'స్ట్రీట్ ఫైటర్ 2' చూపిస్తుంది. 1991లో వచ్చిన ఈ ఆటలో హడోకెన్, అంటే చేతుల్లోంచి దూసుకుపోయే శక్తి గోళం, కొట్టాలంటే స్టిక్‌ని కింద నుంచి ముందుకి పావు చుట్టు తిప్పి గుద్దు బటన్ నొక్కాలి. అది రాక ఇబ్బంది పడతారని తయారీదారులు సమయంలో కొంచెం వెసులుబాటు ఇచ్చారు. దాని వల్ల, మామూలు దెబ్బ పూర్తికాకముందే దాన్ని మధ్యలో తుంచి ప్రత్యేక దెబ్బలోకి దూకొచ్చని తేలింది. ఎదుటివాడికి తేరుకునే సందే ఉండదు. కారుని పగలగొట్టే బోనస్ స్టేజీని పరీక్షిస్తున్నప్పుడు దీన్ని నోరితాకా ఫునామిజు గమనించాడు. అందరికీ రాదులే అని వదిలేశారు. అదే కాంబో. ఆ తర్వాత వచ్చిన ఫైటింగ్ ఆటలన్నీ దాని మీదే నిలబడ్డాయి.

కొన్నాళ్ళకి దొంగ బోర్డులు, అంటే కంపెనీకి తెలియకుండా ఆటని మార్చి ఎక్కించిన సర్క్యూట్ పలకలు, కూడా వచ్చాయి. గాల్లో ఉండగానే నిప్పు బంతులు, మనిషి వెంటబడి తిరిగే హడోకెన్‌లు, ఆట మధ్యలో పాత్ర మారిపోవడం, అంతా పిచ్చి గోల. ఆ గోల చూసి కాప్‌కామ్ అమెరికా శాఖ వాళ్ళు పట్టుబట్టడంతో, 1992 చివర్లో వేగం పెంచిన అసలు రూపం బయటికొచ్చింది. దొంగ సరుకుని చూసి అసలు కంపెనీ నేర్చుకోవడం రోజూ జరిగేది కాదు.

ఈ బోర్డులు మన ఊళ్ళ దాకా రావడానికి ఒక సాదా కారణం ఉంది. 1985లో జపాన్ తయారీదారుల సంఘం జామా అనే కనెక్టర్ పద్ధతి ఖాయం చేసింది: ఒక అంచున 56 కొసలు, కరెంటు, బొమ్మ, శబ్దం, బటన్లు అన్నీ దాని గుండానే. డబ్బా మన వడ్రంగి చేసిన ప్లైవుడ్‌ది అయినా సరే, లోపల తీగలు ఆ వరసలో ఉంటే ఆ పద్ధతి బోర్డు ఏదైనా పనిచేస్తుంది. కావలి అయినా ఒంగోలు అయినా కొత్త ఆట అంటే కొత్త మిషన్ కొనక్కర్లేదు. వెనక తలుపు తీసి బోర్డు ఊడబెరికి ఇంకోటి గుచ్చితే చాలు. తెర మీద చారలు వస్తే బోర్డు బయటికి తీసి, రాగి కొసల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టేవాళ్ళు. నూటికి ఎనభైసార్లు అదే వైద్యం అనుకోండి.

జనాదరణ ఉన్న ప్రతి ఆటా కల్ట్ కాదు, కల్ట్ అయిన ప్రతి ఆటకీ పెద్ద జనమూ ఉండరు. 1996లో రైజింగ్ కంపెనీ తెచ్చిన 'బ్యాటిల్ గరెగ్గా' అనే విమానాల ఆట చూడండి. మీరు ఎంత ఎక్కువ కాల్చితే, ఎంత ఎక్కువ ఆయుధాలు పోగేస్తే, ఆట లోలోపల అంత కష్టమవుతూ పోతుంది. ఆ సంగతి తెర మీద ఎక్కడా కనపడదు. అది కనిపెట్టినవాళ్ళు ఏం చేస్తారంటే, కష్టం తగ్గించడానికి కావాలని తమ విమానాన్ని తామే పేల్చుకుంటారు. తెలియనివాడికి ఇది వట్టి ఎచ్చులుగా కనపడుతుంది. తెలిసినవాళ్ళు పాతికేళ్ళు దాటినా దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు.

1997లో నికోలా సల్మోరియా మొదలుపెట్టిన మేమ్ అనే ప్రోగ్రామ్ ఈ బోర్డుల ప్రవర్తనని కంప్యూటర్‌లో తు.చ. తప్పకుండా అనుకరించింది. అది లేకపోతే సగం ఆటలు ఈపాటికి పోయేవి. కాప్‌కామ్ సీపీఎస్-2 రకం బోర్డుల్లో అయితే ఆట గుట్టు విప్పే తాళం బ్యాటరీ మీద బతుకుతుంది, బ్యాటరీ అయిపోతే బోర్డు మూగబోతుంది.

అయితే ఇప్పుడు ఫోన్‌లో ముస్తఫా ఆడి "ఇంతేనా?" అనేవాళ్ళు చాలామంది. కాయిన్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఊరికే వస్తుంటే చావుకి భయం లేదు. భయం లేకపోతే నేర్చుకోవాల్సిన అవసరమూ లేదు, కొట్టుకుంటూ పోవడమే. ఒక పూటలో ఆట అయిపోతుంది, మళ్ళీ ముట్టుకోరు. దీనికి ప్రపంచమంతటా అభిమానులు పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది: వన్ క్రెడిట్ క్లియర్. ఒక్క నాణెం, మొదటి నుంచి చివరిదాకా. పోతే మళ్ళీ మొదటికే. ముస్తఫాని అలా ఆడి చూడండి. మొదటి రోజు బుచర్ దగ్గరే ఆగిపోతారు, అది మాత్రం ఖాయం.