టోపీ ఎగరేశాక, డార్మ్ తాళం చేతికొచ్చేలోపు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ మే, జూన్ నెలల్లో అమెరికాలో హైస్కూలు ముగిస్తున్న మన తెలుగు పిల్లల కోసం ఈ ఉత్తరం. తెలుగు చదవడం వచ్చినవాళ్లు మీరే చదువుకోండి. రానివాళ్లు అమ్మ చేతో నాన్న చేతో చదివించుకోండి. వాళ్లకు పనికొచ్చే సంగతులూ ఇందులో ఉన్నాయి.

ఇంటి ముందు పచ్చికలో మీ పేరుతో బోర్డు పాతే ఉంటారు. పార్టీకొచ్చిన ప్రతి అంకులూ ఒక చేత్తో సమోసా పట్టుకుని "ఏం చదువుతావురా, ఏమవుతావు?" అని అడిగే ఉంటాడు. ఆ ప్రశ్నకు నేనూ వస్తాను గానీ, ముందు ఇంకోటి చెప్పండి. కాలేజీ పోర్టల్‌లో మీ పేరు మీదున్న చెక్‌లిస్ట్ చివరిసారి ఎప్పుడు చూశారు?

మే 1న డిపాజిట్ కట్టిన దగ్గర్నుంచి ఆగస్టులో గదిలో దిగేదాకా మీరు రెండిటికీ మధ్య ఉంటారు. హైస్కూలు వదిలేసింది, కాలేజీ ఇంకా పట్టుకోలేదు. కౌన్సిలర్లు వేసవి సెలవులకు వెళ్లిపోతారు. వెంటపడి గుర్తుచేసేవాళ్లు ఉండరు, గడువులు మాత్రం ఉంటాయి. బాగా చదివే పిల్లలకు కూడా ఆగస్టులో తల బొప్పి కట్టేది ఈ మూడు నెలల్లో ఏదో ఒక కాగితం జారిపోవడం వల్లే.

ఈ రోజే చేయాల్సిన పనితో మొదలుపెడతాను, అది స్కూలు ఈమెయిలు. కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకే అప్లికేషన్ పంపే సైటు), కాలేజ్ బోర్డు (ఏపీ, అంటే హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు, పెట్టే సంస్థ), స్కాలర్‌షిప్ ఖాతాలు స్కూలు ఈమెయిలుతో తెరిచినవాళ్లు చాలామంది ఉంటారు. గ్రాడ్యుయేషన్ తర్వాత కొన్నాళ్లకు స్కూలు ఆ ఖాతా మూసేస్తుంది. ఆ తర్వాత జులైలో ఏపీ స్కోర్లు చూద్దామంటే పాస్‌వర్డ్ మార్చే లింకు ఆ మూసేసిన డబ్బాలోకే పోతుంది. ప్రతి ఖాతాలో సొంత ఈమెయిలు పెట్టండి. స్కూలు డ్రైవ్‌లో ఉన్న వ్యాసాలు, ప్రాజెక్టులు, ఫొటోలు దించుకోండి.

తర్వాత మార్కులు. మీకొచ్చిన సీటు షరతులతో వచ్చింది. ఆఖరి ట్రాన్‌స్క్రిప్ట్ చూశాకే అది ఖాయం. అప్లికేషన్‌లో రాసిన ఏపీ క్లాసును చెప్పకుండా మానేయడం, చివరి సెమిస్టర్‌లో డి గానీ ఎఫ్ గానీ తెచ్చుకోవడం, సీటు వెనక్కి తీసుకోవడానికి ఇవే మామూలు కారణాలు. కాలిఫోర్నియా యూసీ క్యాంపస్‌లకు ఆఖరి ట్రాన్‌స్క్రిప్ట్ జులై 1 లోపు, ఏపీ స్కోర్లు జులై 15 లోపు చేరాలి. ట్రాన్‌స్క్రిప్ట్ దానంతటది పోతుందనుకోవద్దు. చాలా స్కూళ్లలో మీరు అడిగితేనే పంపుతారు, జూన్ దాటితే ఆఫీసులో మనిషి దొరకడం కష్టం. మార్కు నిజంగానే పడిపోతే దాచకండి. ట్రాన్‌స్క్రిప్ట్ చేరకముందే అడ్మిషన్ ఆఫీసుకు నాలుగైదు వాక్యాలు రాయండి: ఏ సబ్జెక్టు, ఎంత తగ్గింది, ఎందుకు తగ్గింది, ఇప్పుడేం చేస్తున్నారు. అమ్మానాన్నల చేత రాయించొద్దు. ముందే మీ అంతట మీరు చెప్పిన దాన్ని చూసే తీరు వేరు, వాళ్లు కనిపెట్టి అడిగాక చెప్పిన దాన్ని చూసే తీరు వేరు.

ఏపీ స్కోర్లు ఏడాదికి ఒక కాలేజీకి ఉచితంగా పంపుకోవచ్చు, దాని గడువు జూన్ మూడో వారంలో అయిపోతుంది. మంచి స్కోరుకు చాలా కాలేజీలు ఆ కోర్సు చదివినట్టే లెక్కేసి క్రెడిట్ ఇస్తాయి. అది వచ్చింది కదా అని కోర్సు దాటేయాలా? నా సలహా ఒకటే. మీరు దాటాలనుకుంటున్న కోర్సుకు ఆ కాలేజీ పాత ఫైనల్ పేపరు దొరికితే తీసి, గడియారం ముందు పెట్టుకుని రాయండి. తడుముకోకుండా రాయగలిగితే దాటండి. కాలిక్యులస్ బీసీలో 5 వచ్చిన పిల్లలు కూడా మే తర్వాత పుస్తకం ముట్టుకోకుండా నేరుగా మల్టీవేరియబుల్‌లో కూర్చుంటే, ఇంటిగ్రేషన్ దగ్గర చేయి ఆగిపోతుంది. ఇంకో మాట, కొన్ని మెడికల్ కాలేజీలు తప్పనిసరి సైన్సు కోర్సులకు ఏపీ క్రెడిట్‌ను ఒప్పుకోవు. డాక్టరవ్వాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు టీకాలు. మన ఇళ్లలో ఎక్కువగా చిక్కుపడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. కాలేజీ ఆరోగ్య కేంద్రం అడిగిన రికార్డులు ఇవ్వకపోతే ఖాతా మీద 'హోల్డ్' పడుతుంది. అది ఉన్నంతకాలం క్లాసులకు రిజిస్టర్ కాలేరు, చాలాచోట్ల గది తాళం కూడా ఇవ్వరు. సాధారణంగా అడిగేవి ఎమ్‌ఎమ్‌ఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, 16 ఏళ్లు నిండాక వేసిన మెనింజైటిస్ డోసు, హెపటైటిస్ బి, ఆటలమ్మ టీకా. ఇండియాలో పుట్టి ఈ మధ్య వచ్చినవాళ్లు మీ పాత టీకాల కార్డు తీసి చూడండి. అక్కడ తట్టు టీకా మొదటిసారి తొమ్మిదో నెలలో వేస్తారు. ఇక్కడ మొదటి పుట్టినరోజు దాటాక వేసినదే లెక్క. కాబట్టి కార్డులో రెండు తేదీలు కనబడుతున్నా కాలేజీ దృష్టిలో ఒకటే ఉండొచ్చు. ఇక్కడి స్కూల్లో చేరినప్పుడే అది సరిచేసి ఉంటే ఆ స్కూలు రికార్డు తెచ్చుకోండి, చాలు. కార్డే పోయినవాళ్లు రక్తపరీక్షతో రోగనిరోధక శక్తి ఉందని చూపించొచ్చు, లేదా మళ్లీ వేయించుకోవచ్చు. రెండు ఎమ్‌ఎమ్‌ఆర్ డోసుల మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. ఆగస్టులో నిద్రలేస్తే ఆ 28 రోజులు ఎక్కడా దొరకవు.

దాని పక్కనే టీబీ ఫారం ఉంటుంది. ఇండియాలో పుట్టారా, అక్కడ ఎక్కువకాలం ఉన్నారా అని అడుగుతారు. అవునంటే పరీక్ష చేయించుకోవాలి. మీ ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉందా? అది చిన్నప్పుడు వేసిన టీబీ టీకా, బీసీజీ. ఆ టీకా వేసుకున్నవాళ్లకు చర్మం మీద చేసే పరీక్ష, జబ్బు లేకపోయినా ఉబ్బి పాజిటివ్‌లా కనబడొచ్చు. రక్తం తీసి చేసే ఇగ్రా పరీక్షకు బీసీజీతో గొడవలేదు. డాక్టరును అదే కావాలని అడగండి. వరస కూడా ముఖ్యం. ఎమ్‌ఎమ్‌ఆర్ లాంటి టీకా వేయించుకున్నాక కొన్ని వారాలపాటు టీబీ పరీక్ష తప్పుగా నెగెటివ్ చూపించే వీలుంది. అందుకని రక్తం ముందు ఇవ్వండి, లేదా టీకా రోజునే ఇవ్వండి. రెండూ కుదరకపోతే టీకా తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. ఇగ్రా పాజిటివ్ వస్తే కంగారు అక్కర్లేదు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. జబ్బు నిద్రావస్థలో ఉంటే పక్కవాళ్లకు అంటదు. కానీ దీనంతటికీ వారాలు పడుతుంది, అందుకే జూన్‌లోనే మొదలుపెట్టమంటున్నాను.

ఈ మాట అమ్మానాన్నలకు. బిడ్డకు 18 నిండాక, తన అనుమతి లేకుండా డాక్టరు ఆఫీసు మీకు ఏమీ చెప్పదు. కాలేజీలో చేరాక మార్కులూ చూపించరు. ఫీజు కట్టేది మనమే కదా అని వాదించి లాభం లేదు, చట్టం అలా ఉంది. పిల్లలు పాస్‌వర్డ్ ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు, లాగిన్ కోడ్ వాళ్ల ఫోనుకే పోతుంది. సరైన దారి కాగితాలే. ఫీజు కోసం పోర్టల్‌లో తల్లిదండ్రులను అధీకృత చెల్లింపుదారుగా చేర్చాలి. ఆస్పత్రి అవసరం కోసం, మీ రాష్ట్రం ఫారం ప్రకారం, వైద్య నిర్ణయాధికార పత్రం మీద పిల్లలు సంతకం చేయాలి. దాని ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. చాలా కాలేజీలు తమ పాలసీని అడక్కుండానే బిల్లులో వేసేస్తాయి, వేల డాలర్లలో ఉంటుంది. తల్లిదండ్రుల పాలసీలో 26 ఏళ్లదాకా ఉండొచ్చు కాబట్టి గడువులోగా వద్దని ఫారం నింపితే ఆ డబ్బు తీసేస్తారు. వద్దనేముందు మీ పాలసీ ఆ ఊళ్లో డాక్టర్లకు వర్తిస్తుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. మీ రాష్ట్రం దాటితే అత్యవసరాలకు తప్ప పనిచేయని పాలసీలు ఉన్నాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫాఫ్సా, అంటే ప్రభుత్వ ఆర్థికసాయం కోసం నింపే ఫారం, ఒక్కసారితో అయిపోదు, ఏటా నింపాలి. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది ఫెడరల్ లోన్ 5,500 డాలర్లకు మించదు. అందులో చదువుతుండగా వడ్డీ పెరగనిది 3,500 వరకే. సాయం ఉత్తరంలో వర్క్-స్టడీ (చదువుతూ చేసే పనికి జీతం) అని రాసినంత మాత్రాన ఆ డబ్బు ముందు చేతికి రాదు, ఉద్యోగం మీరే వెతుక్కుని గంటలు పనిచేస్తే వస్తుంది. ఫీజు లెక్కలో దాన్ని కలిపేసుకుంటే సెప్టెంబరులో లోటు తేలుతుంది.

హెచ్-4 మీద, అంటే అమ్మానాన్నల హెచ్-1బీ వీసా మీద ఆధారపడి ఉన్న పిల్లలూ, మీ లెక్క వేరు. మీకు ఫాఫ్సా సాయం రాదు, జీతం వచ్చే పని క్యాంపస్‌లో కూడా చేయకూడదు. ఇన్-స్టేట్ ఫీజు (ఆ రాష్ట్రంవాళ్లకిచ్చే తక్కువ ఫీజు) వస్తుందో రాదో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. 21 నిండగానే ఆ హోదా పోతుంది. 18వ ఏట చేరితే అది సరిగ్గా చదువు మధ్యలో, మూడో నాలుగో ఏడాదిలో పడుతుంది. ఎఫ్-1కు, అంటే విద్యార్థి వీసా హోదాకు, మారాలంటే కావాల్సిన ఐ-20 ఫారం ఇచ్చేది కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు. చేరిన మొదటి సెమిస్టర్‌లోనే వాళ్లను కలిసి మీ పుట్టినతేదీ చెప్పండి, కనీసం ఏడాది ముందు పని మొదలవ్వాలి. ఎఫ్-1కు మారితే సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలదాకా పనిచేయొచ్చు. కొన్నిచోట్ల ఇన్-స్టేట్ ఫీజు మాత్రం పోవచ్చు, అందుకే మారేముందు రిజిస్ట్రార్‌ను రాతపూర్వకంగా అడగండి. ఇంట్లో గ్రీన్‌కార్డు వరస నడుస్తుంటే మీ వయసు లెక్క లాయరు చేత వేయించండి. వాట్సాప్ గ్రూపులో వేయించుకోకండి.

సరే, ఇప్పుడు అంకుల్ ప్రశ్నకు వస్తాను. ఏమవుతారు? మన ఇళ్లలో దానికి రెండే జవాబులు వినబడతాయి, కంప్యూటర్లు లేకపోతే డాక్టరీ. ఆ రెంటిలోనూ తెలియక పడే గోతులున్నాయి. "ముందు ఏదో మేజర్‌లో చేరి తర్వాత సీఎస్‌కు మారిపోతాను" అనేది అన్నిచోట్లా సాగదు. సియాటెల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటి చోట్ల కంప్యూటర్ సైన్స్ సీట్లలో ఎక్కువ భాగం మొదటే నేరుగా ఇచ్చేస్తారు, లోపలికొచ్చాక మారే దారి చాలా ఇరుకు. మీ కాలేజీలో మేజర్ మార్పుకు ఏ కోర్సులు, ఎంత జీపీఏ అడుగుతారో ఓరియెంటేషన్‌కు వెళ్లేముందే చదవండి. ఇంజనీరింగ్‌లో కోర్సులు గొలుసులా ఉంటాయి. కాలిక్యులస్ అయితేనే ఫిజిక్స్, అదయితేనే స్టాటిక్స్. వాటిలో కొన్ని ఏడాదికి ఒకేసారి చెబుతారు. అందుకే ఒక సెమిస్టర్ వెనకబడితే ఏడాది వెనకబడతారు. ఇంకో లెక్క కూడా చూడండి. ఫుల్‌టైమ్ అనిపించుకోవడానికి 12 క్రెడిట్లు చాలు, కానీ 120 క్రెడిట్ల డిగ్రీ నాలుగేళ్లలో అవ్వాలంటే సెమిస్టర్‌కు 15 కావాలి.

ప్రీమెడ్ అనే మేజర్ చాలా కాలేజీల్లో లేనే లేదు. చరిత్ర చదువుతూ కూడా మెడిసిన్‌కు అప్లై చేయొచ్చు, అడిగిన బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ ల్యాబులతో పూర్తిచేస్తే సరి. మీ యాక్టివిటీల జాబితా అయిపోలేదన్న సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. కామన్ యాప్‌లో పది యాక్టివిటీలు, ఒక్కోదానికి 150 అక్షరాల్లో కుదించారు కదా? మెడికల్ కాలేజీలకు వెళ్లే ఏఎమ్‌సీఏఎస్ అప్లికేషన్‌లో 15 దాకా రాయొచ్చు, ఒక్కోదానికి 700 అక్షరాలు, గంటలతో, ధ్రువీకరించే మనిషి వివరాలతో. మూడేళ్ల తర్వాత కూర్చుని గుర్తుచేసుకుంటే గంటలు గుర్తురావు, మనుషులూ దొరకరు. అందుకని ఒక నోట్‌బుక్ పెట్టండి. ఉదాహరణకు ఇలా:

"అక్టోబరు 4. గుడి వంటగది, 9 నుంచి 12. పులిహోర 120 పొట్లాలు. మొదటి వాయి చల్లారకముందే పొట్లం కట్టడంతో ముద్దయింది. రెండోది పళ్లేల్లో ఆరబెట్టి కట్టాం. బాధ్యులు: వంటగది చూసే ఆంటీ, ఫోన్ నంబరు."

అయిదు నిమిషాల పని. "సేవ చేశాను" అనే ముక్క ఎవరైనా రాస్తారు, ముద్దయిన పులిహోర సంగతి అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మెడిసిన్ వద్దనుకునేవాళ్లకూ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో "ఏదైనా తప్పు జరిగితే ఏం చేశావు" అన్నప్పుడు ఈ పుస్తకమే అక్కరకొస్తుంది.

కూచిపూడి, కర్ణాటక సంగీతం, వారాంతపు తెలుగు బడి, వీటిని అప్లికేషన్ అయిపోయింది కదా అని అటకెక్కించేస్తుంటారు. తెలుగు చదవడం, రాయడం, వినడం, మాట్లాడడం నాలుగూ వచ్చినవాళ్లు ద్విభాషా ప్రావీణ్య ముద్రకు, అంటే సీల్ ఆఫ్ బైలిటరసీకి, పరీక్ష రాయొచ్చు. కాలిఫోర్నియాలో 2011 చట్టంతో మొదలై దేశమంతా పాకిన పథకం ఇది. మీ స్కూలు ద్వారా కుదరకపోయినా గ్లోబల్ సీల్ అనేది విడిగా ఉంది. దాన్ని చూసి కొన్ని కాలేజీలు భాష కోర్సుల నుంచి మినహాయింపు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. పరీక్ష ఫీజు కట్టేముందు అడగండి.

స్కూల్లో క్లబ్బు నడిపినవాళ్లు జూనియర్లకు అప్పగించకుండా రావద్దు. సోషల్ మీడియా పాస్‌వర్డులు, మిగిలిన డబ్బు లెక్క, హాలు బుక్ చేయాలంటే ఎవరిని ఎన్ని వారాల ముందు అడగాలి, ఏ నెలలో ఏం చేశారు, అన్నీ ఒక పేజీలో రాసి క్లబ్బు చూసే టీచరుకూ ఒక కాపీ ఇవ్వండి. సిఫారసు ఉత్తరం రాసిన టీచర్లకు ఏ కాలేజీలో చేరుతున్నారో చేత్తో రాసి చెప్పండి. వాళ్లు రాసింది మీరు చూసి ఉండరు, ఫలితమేంటో మీరు చెప్పకపోతే వాళ్లకు తెలియదు.

ఇట్లు,
మీ పెదనాన్న

తా.క. డార్మ్ మంచాలు చాలాచోట్ల ట్విన్ ఎక్స్‌ఎల్, అంటే 80 అంగుళాల పొడవు. ఇంట్లో ఉన్న 75 అంగుళాల ట్విన్ దుప్పటి తీసుకెళ్తే అర్ధరాత్రి మూల ఊడి వస్తుంది. రైస్ కుక్కర్ పెట్టెలో సర్దేముందు డార్మ్ నిషేధాల జాబితా చూడమని అమ్మకు చెప్పండి, చాలాచోట్ల అది అందులో ఉంటుంది. ఆవకాయకు నిషేధం లేదు గానీ, సీసా మూతకు ప్లాస్టిక్ చుట్టి రెండు జిప్ సంచుల్లో పెట్టండి. నూనె కారితే ముందు పాడయ్యేవి మీ బట్టలే.