సొరపిందెలు ఎందుకు రాలుతున్నాయి?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

ఫిబ్రవరి మొదటి వారంలో మీరు విత్తిన సొరపాదు పందిరెక్కిందని, పువ్వులు విరగబూస్తున్నా పిందెలు మాత్రం పసుపురంగుకు తిరిగి రాలిపోతున్నాయని రాశారు. ఆకులు పచ్చగా, తీగ బలంగా ఉందన్నారు కనుక, ఇది తెగులు కాదని, ఆడపువ్వుకు పుప్పొడి అందకపోవడమే కారణమని నా అభిప్రాయం.

సాయంత్రం పాదు దగ్గర కూర్చుని పువ్వులను ఒక్కొక్కటిగా పరిశీలించండి. సన్నని పొడవాటి కాడ మీద ఉట్టి పువ్వుగా నిలిచినది మగది. రేకుల కింద నూగుతో కూడిన బుల్లి సొరకాయ కనిపిస్తే అది ఆడది. పాదుకు మొదట మగపువ్వులే వస్తాయి, అవి రాలితే దిగులు పడనక్కరలేదు. బెండలో ఆడ, మగ భాగాలు ఒకే పువ్వులో ఉంటాయి కనుక దానికి ఈ ఇబ్బంది లేదు. సొరపువ్వు పొద్దువాలే వేళకు విచ్చుకుని మరునాటికి వాడిపోతుంది కాబట్టి, దానికి పుప్పొడి మోసేవాటిలో రాత్రిపూట తిరిగే రెక్కపురుగులు ముఖ్యమైనవి. బెంగళూరులో మీ మిద్దెతోట వంటి ఎత్తైన చోటికి అవి తగినన్ని రాకపోవచ్చు. అందుచేత ఆ పని మీరే చేయాలి. అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులను వెనక్కి తీసి, దాని మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడుమనున్న జిగురు భాగానికి మెల్లగా అద్దండి. పొడి అంటితే పిందె నాలుగైదు రోజుల్లోనే లావెక్కడం మీ కంటికే తెలుస్తుంది.

మార్చి, ఏప్రిల్ ఎండలకు కుండీలోని మట్టి త్వరగా ఆరిపోతుంది, అది కూడా పిందెలను రాల్చగలదు. మీ వీధిలోని కానుగ చెట్లు ఈ కాలంలో పాత ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతాయి. ఆ ఎండుటాకులను తెచ్చి మొదలు చుట్టూ దళసరిగా పరచండి. 2024 వేసవిలో మన ఊళ్లో ఎన్నో బోరుబావులు ఎండిపోయాయి కదా, బియ్యం కడిగిన నీళ్లను కూడా వృథా చేయకుండా పొద్దున్నే మొక్కలకు పోయండి.

ఖాళీ కుండీలలో ఇప్పుడు బెండ, గోరుచిక్కుడు, తోటకూర వేయవచ్చు. క్యాబేజీ, కాలీఫ్లవర్ చలికాలానికి అట్టిపెట్టండి. బెండ గింజలను రాత్రంతా నానబెట్టి, అంగుళంలో సగం లోతున విత్తితే చాలు.

పుప్పొడి అద్దిన పన్నెండు, పదిహేను రోజులకు సొరకాయ కోతకు వస్తుంది. తొక్కలోకి గోరు సులువుగా దిగితే కూరకు లేతగా ఉన్నట్లే. మీరు నాటినది హైబ్రిడ్ విత్తనం కాకపోతే, మంచి కాయను ఒకదానిని తీగ మీదే పూర్తిగా ఎండనిచ్చి, వచ్చే ఏటికి గింజలు తీసి దాచండి.

ఇట్లు,
మీ తాతయ్య