తడిస్తే మాయమయ్యే మసక

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరగా స్కానింగ్ కేంద్రం నడుపుతున్న ఒక డాక్టరమ్మ ఇటీవల నన్ను అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణం. స్కానింగ్ గదికీ, రోగులు కూర్చునే హాలుకూ మధ్య ఉన్న గాజు గోడకు హాలు వైపు నుంచి ఆమె ఫ్రాస్టెడ్ స్టిక్కర్, అంటే గాజును మసకగా చేసే ఫిల్మ్, వేయించి, దాని మీద ఆకుపచ్చని తీగలూ పసుపు పూలూ ప్రింటు చేయించారు. పొడిగా ఉన్నంతసేపు లోపల ఏముందో బయటివారికి తెలియదు. కానీ అక్కడ శుభ్రం చేసే ఆయమ్మ తడి గుడ్డతో గాజును తుడిచిన ప్రతిసారీ, ఆ తడి ఆరేవరకు, లోపల బల్ల మీద ఉన్న మనిషి రూపం హాల్లోకి తెలిసిపోతోంది. "ఫిల్మ్ నాసిరకమా సార్, లేక ప్రింటింగ్‌లో ఏదైనా లోపమా?" అని ఆమె అడిగారు. ఈలోగా ఆ దిక్కున గాజు గది ఉండటం దోషమనీ, గుమ్మడికాయ కట్టిస్తే సరిపోతుందనీ ఎవరో సలహా కూడా ఇచ్చారట. పరీక్ష కోసం వచ్చిన ఆడమనిషికి మరుగు కల్పించవలసిన చోట ఇటువంటి సలహాలు వినడం నాకు బాధ కలిగిస్తుంది. కారణం కంటి ముందే ఉంది, దాన్ని ఎవరైనా పది నిమిషాల్లో అర్థం చేసుకోవచ్చు.

ఈ ఫిల్మ్ పీవీసీ అనే ప్లాస్టిక్ పొర. సాధారణంగా దొరికే రకం మందం 70 నుంచి 100 మైక్రాన్ల వరకు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వెనుక జిగురు, ఆ జిగురు మీద ఊడదీసే కాగితం ఉంటాయి. తయారీ గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. మనకు కావలసింది గాలికి తగులుతున్న దాని పైముఖం. చాలా రకాల్లో ఆ ముఖం కంటికి ఆనని గుట్టలతో, గుంటలతో గరుకుగా ఉంటుంది. మసకంతా అక్కడే పుడుతుంది.

తడిపిండితో ముగ్గు వేసేవారిని ఒకసారి గమనించండి. వేలి చివరి నుంచి జారుతున్నప్పుడు ఆ గీత నీళ్ళలా, పలచగా, ఉన్నదో లేదో అన్నట్టు కనిపిస్తుంది. పావుగంట తర్వాత వచ్చి చూస్తే అదే గీత తెల్లగా తేలి ఉంటుంది. గోడకు సున్నం కొట్టేవాళ్ళు కూడా మొదటి పూత తడిగా ఉన్నప్పుడు గోడ తెల్లబడలేదని కంగారుపడరు, ఆరనిస్తారు. పిండిలో గాని సున్నంలో గాని ఆరేటప్పుడు కొత్తగా తెల్లరంగు చేరలేదు. రేణువుల మధ్య నుంచి నీరు వెళ్ళిపోయి, ఆ చోటులోకి గాలి వచ్చింది, అంతే. మన కడప బండనే తీసుకుంటే, పాలిష్ చేయని బండ పొడిగా ఉన్నప్పుడు బూడిదరంగులో ఉంటుంది, చెంబుడు నీళ్ళు పోస్తే నల్లగా నిగనిగలాడుతుంది. గరుకు ముఖం మీద చెదిరిన వెలుతురే ఆ బూడిదరంగు. నీరు గుంటలను నింపి ఆ చెదురును తగ్గిస్తే రాయి అసలు రంగు బయటపడుతుంది. పదో తరగతిలో వక్రీభవనాన్ని, అంటే కాంతి వంగడాన్ని, గాజు దిమ్మెతో, గుండుసూదులతో చెబుతాం. వాకిట్లో ఆరుతున్న ముగ్గు దగ్గర పిల్లలను కూర్చోబెట్టి ఆ పాఠం చెప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. కాంతి ఒక పదార్థం నుంచి మరొకదానిలోకి ఏటవాలుగా పోతే వంగుతుంది. ఎంత వంగుతుందన్నది ఆ రెండింటి వక్రీభవన గుణకాల మధ్య తేడాను బట్టి ఉంటుంది. గాలి గుణకం 1, నీటిది 1.33, వేరుశనగ నూనెది దాదాపు 1.47, గాజుది 1.52, పీవీసీది సుమారు 1.53. గాజుకూ పీవీసీకీ మధ్య తేడా దాదాపు లేదు, జిగురు కూడా వాటికి దగ్గరిదే. కనుక లోపలి నుంచి వచ్చే కాంతి గాజులోంచి ఫిల్మ్‌లోకి దాదాపు తిన్నగానే నడిచి, చివరి మజిలీలో, గరుకు ముఖం దాటి గాలిలోకి వచ్చేటప్పుడు దారి తప్పుతుంది. ఒక గుట్ట పక్కవాలు 20 డిగ్రీలు ఉందనుకుందాం. పొడి ఫిల్మ్ నుంచి గాలిలోకి వచ్చే కిరణం అక్కడ సుమారు 11.5 డిగ్రీలు పక్కకు మళ్ళుతుంది. అదే గుంటలో నీరు నిండి, నీటి పైముఖం సమంగా ఉంటే, ఆ కిరణం చివరకు గాలిలోకి వచ్చేసరికి మళ్ళేది దాదాపు 4 డిగ్రీలే. వేరుశనగ నూనె రాస్తే 1 డిగ్రీ దాటి కొంచెం. ఒక్కో గుట్ట ఒక్కో వైపు మళ్ళిస్తుంది కాబట్టి, గాజుకు మీటరు దూరంలో ఉన్న ఒక చుక్క పొడి ఫిల్మ్ గుండా చూస్తే 40 సెంటీమీటర్ల మరకలా పరుచుకుంటుంది. మనిషి ముఖం వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు, కనుక అందులో ముఖం పూర్తిగా కరిగిపోతుంది. తడి ఫిల్మ్ గుండా ఆ మరక 15 సెంటీమీటర్లకు, నూనె రాస్తే 4 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. నీటి తడికి కూర్చున్నారో పడుకున్నారో తెలుస్తుంది. నూనె తడికి మనిషినే గుర్తుపట్టవచ్చు. డాక్టరమ్మ ఫిల్మ్‌లో నాసి ఏమీ లేదు. అది గాలిని నమ్ముకుని పనిచేసే రకం, ఆయమ్మ ఆ గాలిని గుడ్డతో తోసేస్తోంది.

ఈ లెక్కే మరో సంగతి కూడా చెబుతుంది. మరక వెడల్పు దూరంతో పాటు పెరుగుతుంది, అంటే గాజుకు 5 సెంటీమీటర్ల దగ్గరకు చేయి తెస్తే పొడి ఫిల్మ్ మీద కూడా మరక 2 సెంటీమీటర్లే. వేళ్ళు లెక్కపెట్టవచ్చు. అందుకే ఆ గదిలో పరీక్ష బల్ల గాజును ఆనుకుని ఉండకూడదు. దీపం కూడా మనిషి వెనుక ఉంటే మనిషి నీడ ఫిల్మ్ మీద పడుతుంది. మనిషికీ గాజుకూ మధ్య, పైకప్పు దగ్గర ఉంటే ఆ నీడ పడదు.

డాక్టరమ్మకు రెండో ఫిర్యాదు కూడా ఉంది. పగలు స్కానింగ్ గది కిటికీ నుంచి ఎండ పడుతున్నప్పుడు హాల్లోంచి చూస్తే పూలు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయి. సాయంత్రం ఆ గదిలో లైటు ఆర్పి హాల్లో ట్యూబులైట్లు వేయగానే అవే పూలు వెలవెలబోతాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి ఉగ్గానితో పాటు బజ్జీలు కట్టించుకున్న కాగితం చాలు. నూనె మరక పడిన కాగితాన్ని బల్ల మీద పెడితే మరక నల్లగా ఉంటుంది, కిటికీకి ఎత్తి పట్టుకుంటే అదే మరక చుట్టూ ఉన్న కాగితం కంటే తెల్లగా వెలుగుతుంది. మరక తన మీద పడిన కాంతిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపకుండా అవతలికి దాటిస్తుంది. రెండు వైపులా వెలుతురు సమానమైతే మరక దాదాపు మాయమవుతుంది. బున్సెన్ బర్నర్ పేరులో మనకు తెలిసిన రాబర్ట్ బున్సెన్ 19వ శతాబ్దంలో ఈ కిటుకుతోనే రెండు దీపాల వెలుగును పోల్చే పరికరం చేశాడు. ఫ్రాస్టెడ్ ఫిల్మ్ స్వభావం ఆ నూనె మరకదే. దాని మీద వేసే సయాన్, మెజెంటా, పసుపు ఇంకులు పారదర్శకమైనవి, వాటికి సొంత వెలుగు లేదు. వెనుక నుంచి వెలుతురు వస్తే ఇంకును ఒకసారి దాటి రంగుతో మన కంటికి చేరుతుంది. ముందు నుంచి పడితే అందులో చాలా భాగం చీకటి గదిలోకి పోతుంది, తిరిగి వచ్చే కొద్దిపాటి కాంతీ ఇంకును రెండుసార్లు దాటి నీరసిస్తుంది.

దీనికి మందు తెల్ల ఇంకు. అందులో ఉండేది టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి పొడి. అందులో రూటైల్ అనే రకానికి వక్రీభవన గుణకం సుమారు 2.7, రేణువు పరిమాణం మైక్రానులో నాలుగో వంతు ఉంటుంది, అంటే కంటికి కనిపించే కాంతి తరంగం పొడవులో దాదాపు సగం. కాంతిని చెదరగొట్టడానికి అంతకంటే అనువైన పరిమాణం లేదు. ఇంకు జిగురులో మునిగినా తేడా 1 కంటే ఎక్కువే మిగులుతుంది కాబట్టి అది తడిసినా తెల్లగానే ఉంటుంది, ముగ్గుపిండికి ఆ భాగ్యం లేదు. ముందు రంగు, మధ్యలో తెలుపు, వెనుక మళ్ళీ రంగు వేసే పద్ధతిలో రెండు వైపులా బొమ్మ నిలుస్తుంది. కానీ మొత్తం తెలుపు పరిస్తే గదిలోకి వెలుతురు రాదు. కాబట్టి పూల కింద మాత్రమే తెలుపు వేయించమంటాను. ఇంకు ఎంపికలో మరో జాగ్రత్త కూడా అవసరం. ఎకో సాల్వెంట్ ఇంకులో ద్రావణి ఆవిరైపోయి పలుచని పొర మిగులుతుంది, అది గుట్టలనూ గుంటలనూ అనుసరిస్తుంది. యూవీ ఇంకు ఆవిరి కాకుండా, అతినీలలోహిత కాంతి తగలగానే ఉన్నపళంగా గట్టిపడుతుంది కనుక మందంగా పడిన చోట గుంటలను పూడ్చేస్తుంది. పారదర్శకమైన యూవీ వార్నిష్‌ను గరుకు ఫిల్మ్ మీద పూస్తే అది ఎప్పటికీ ఆరని నీటి తడి లాంటిదే.

గరుకుతనం పైముఖం మీద కాకుండా, చెదరగొట్టే రేణువులు ప్లాస్టిక్ లోపలే కలిసి ఉన్న ఫిల్మ్ కూడా దొరుకుతుంది. నీరు వాటిని తాకలేదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, ఫిల్మ్ చుట్ట మీద రాసి ఉండకపోవచ్చు. డాక్టరమ్మతో కలిసి ప్రింటింగ్ షాపుకు వెళ్ళి, రెండు నమూనా ముక్కలను గాజు పలక మీద అంటించి, పలకను బల్లకు జానెడు ఎత్తున పట్టుకుని, ఒక్కో ముక్క మీద ఒక్కో నీటి చుక్క వేశాం. మొదటి ముక్కలో చుక్క మేర చిన్న కిటికీ తెరుచుకుని, బల్ల మీది బిల్లు పుస్తకం ఆకారం తెలిసింది. రెండో ముక్కలో చుక్క చుక్కగానే ఉండిపోయింది. షాపు కుర్రవాడు తన వేలితోనే ఆ చుక్కను అటూ ఇటూ రెండుసార్లు జరిపి చూసి, రెండో చుట్టను మెషీన్‌కు ఎక్కించాడు. స్కానింగ్ గది గాజును ఇప్పటికీ ఆయమ్మ తడి గుడ్డతోనే తుడుస్తోంది.